నాయుడుగారి తటస్థం

స్టోర్స్ సూపరింటెండెంట్ దాలినాయుడికి యాభై రెండో ఏట ఒంట్లోంచి న్యూట్రాన్లు రావడం మొదలైంది. విశాఖలో ఆయన పనిచేసే పరిశోధనశాలలో దీనికెవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. న్యూట్రాన్ అంటే ధనమూ కాదు, ఋణమూ కాదు, తటస్థం. నాయుడు సర్వీసులో చేరింది మొదలు ఒక్క విషయంలోనూ ఇటని గానీ అటని గానీ అన్న పాపాన పోలేదు. పాము చావకుండా, కర్ర విరగకుండా మాట్లాడటంలో ఆయన్ని మించినవాడు లేడు. అన్నేళ్ళు కూడబెట్టిన తటస్థం ఎప్పటికైనా బయటికి రావాల్సిందేగా!

రావడం కూడా వేళకే వచ్చింది. సూర్యుడిలో మాదిరి పరమాణువులను కలిపి కరెంటు తీసే రియాక్టరు ఒకటి కట్టాలనుకుంటున్నారు. దాని లోపలి గోడ మీద న్యూట్రాన్లు ఎడతెరిపి లేకుండా పడతాయి. ఏ ఉక్కు ఎన్నాళ్ళు తట్టుకుంటుందో ముందే తేల్చాలంటే చిన్నపాటి న్యూట్రాన్ యంత్రం కావాలి. దాని టెండరేమో కోర్టులో నానుతోంది. అందుకని నాయుడిని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా ఉక్కు పలకలు బిగించి, న్యూట్రాన్లు బయటికి పోకుండా చుట్టూ నీళ్ళ డ్రమ్ములు పేర్చారు. టీ బ్రేకు మాత్రం యథాప్రకారం.

చిక్కు సింహాద్రి దగ్గర వచ్చింది. పలకలు బిగించి, డ్రమ్ములు చూసుకునే టెక్నీషియను అతను, నాయుడితో ఒకే క్యారేజీలో తినే స్నేహితుడు. ఎండాకాలం డైరెక్టరుగారి క్వార్టర్స్‌లో తోట వాడిపోతుంటే, ఆయనే దగ్గరుండి రెండు డ్రమ్ములు ఖాళీ చేయించారు. నాయుడు కళ్ళారా చూశాడు. ఖాళీ డ్రమ్ముల వైపు కూర్చునే అటెండరు న్యూట్రాన్లు తగిలి మంచాన పడ్డాడు. నింద సింహాద్రి నెత్తిన పడింది.

"నువ్వు సూసినావు కదేటి! ఆ ఒక్క ముక్క సెప్పు, సాలు. పిల్లలున్నోడిని," అన్నాడు సింహాద్రి.

ఆ మాట విన్నప్పటి నుంచీ నాయుడు కుర్చీలో కుదురుగా కూర్చోలేదు. మింగలేడు, కక్కలేడు. కాలు ఊపాడు, గోళ్ళు కొరికాడు, లేచి మళ్ళీ కూర్చున్నాడు. న్యూట్రాన్లను లెక్కపెట్టే కౌంటరు మీద అంకె జారిపోసాగింది. డైరెక్టరు పరిగెత్తుకొచ్చారు.

"నాయుడుగారూ, ఏదైనా అభిప్రాయం వస్తోందా?"

"లోపలెక్కడో కలుక్కుమంటోందండి."

"జాగ్రత్తండి. దేశం మిమ్మల్నే నమ్ముకుంది."

కుర్చీ దగ్గరే పెట్టిన ఎంక్వయిరీలో "నీళ్ళు తోడించింది..." అనేదాకా వచ్చాడు నాయుడు. అంకె సున్నాకి పడింది. డైరెక్టరు ముఖం చూశాడు, సింహాద్రి ముఖం చూశాడు. "నీళ్ళన్నాక తరుగుతూనే ఉంటాయండి. ఇద్దరి మాటలోనూ నిజం లేకపోలేదు," అని ముగించాడు. అంకె ఎన్నడూ లేనంత పైకి లేచింది. నాయుడికి సిగ్గేసింది, చచ్చేంత సిగ్గేసింది. అయితే సిగ్గు ఏ పక్షమూ కాదు గనక అంకె తగ్గలేదు.

సింహాద్రి ఉద్యోగం ఊడింది. పోయేముందు అతనే పలక విప్పి ఇచ్చాడు. పైకి చిన్న గీత కూడా లేదు. వేలితో తట్టేసరికి అప్పడంలా విరిగింది.

ఉక్కు ఎన్నాళ్ళు తట్టుకుంటుందో తేలింది గనక పరీక్ష జయప్రదమైందని డైరెక్టరు ఆ కుర్చీ ఉన్న హాల్లోనే లడ్డూలు పంచారు. నాయుడు ఆ వేళ సెలవులో ఉన్నాడు. "సింహాద్రికి అన్యాయం జరిగిందని ఎవరైనా అనుకుంటున్నారా?" అని డైరెక్టరు మర్యాదకు అడిగారు. సిబ్బంది అంతా చేతిలోని లడ్డూల వంక చూసుకున్నారు.

గోడనున్న కౌంటరు గణగణా మోగడం మొదలుపెట్టింది. డైరెక్టరు కాసేపు విని, యంత్రం టెండరు రద్దు చేయించమన్నారు.