గద్ద కింద రెండు అక్షరాలు

ఆ శనివారం ఉదయం గార్డ్‌నర్‌విల్‌లో గ్రేషియన్ ఎచార్ట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి పొరుగింటి వర్జిల్ కారెక్కి కార్సన్ సిటీలో నాణేల ప్రదర్శనకు వెళ్ళాలి. తాత వదిలివెళ్ళిన వెండి డాలర్‌ను అమ్మాలి. సోమవారం బావి తవ్వేవాళ్ళకు ఫోన్ చెయ్యాలి. ఇంటి బావి మే నెల నుంచి బురద కక్కుతోంది. భార్య డెలిన్ బట్టల మూట పట్టుకుని వారానికోసారి చెల్లెలింటికి వెళ్ళి ఉతుక్కొస్తోంది.

డాలర్ 1889 నాటిది. వెనకవైపు గద్ద బొమ్మ కింద, భూతద్దం లేకపోతే సరిగ్గా కనిపించనంత చిన్నగా రెండు ‘సి’ అక్షరాలున్నాయి. కార్సన్ సిటీ టంకశాలలో అచ్చయిందనడానికి అదే గుర్తు. ఆ ఏడాది అక్కడ అచ్చయినవి తక్కువ, మిగిలినవి మరీ తక్కువ. స్కూలు బస్సు నడిపి రిటైరైన గ్రేషియన్ ఈ సంగతులన్నీ నలభై ఏళ్ళుగా భోజనాల బల్ల దగ్గర చెబుతూనే ఉన్నాడు. నాణెం ఏ ఏడాదిది, ఏ టంకశాలది, ఎన్ని మిగిలాయి, ఎంత అరిగింది. డెలిన్ వెల్లుల్లి సూప్ వడ్డిస్తూ అందులో ఒక్క ముక్క మాత్రం పట్టుకుంది. నాణెం ఎంత బాగుంటే ధర అంత బాగుంటుంది.

అందుకే అతను గడ్డం గీసుకోవడానికి వెళ్ళగానే ఆమె డాలర్‌ను పెట్టెలోంచి తీసి, వంటసోడా చల్లి, పాత టూత్‌బ్రష్‌తో తోమింది. కొన్న నీళ్ళ సీసాలు రెండు ఖర్చుపెట్టి కడిగింది. వందేళ్ళ పైబడిన నలుపు సింకులోంచి దిగిపోయింది.

గ్రేషియన్ వచ్చి పెట్టె తెరిచాడు. చాలాసేపు చూశాడు.

"ఇది నాది కాదు."

డెలిన్ నవ్వబోయింది.

"మార్చేశారు. నాది నల్లగా ఉండాలి. ఆ నలుపు ఉంటేనే దానికి విలువ. తోమిన డాలర్‌కి సగం ధర కూడా రాదు. ఈ తళతళలాడే ముక్కను ఇక్కడ పెట్టి నాది ఎత్తుకుపోయారు."

"తోమితే ధర పడిపోతుందా? నాకెప్పుడూ చెప్పలేదే."

"అది చెప్పాలా? దాన్ని తోమేంత బుద్ధిలేనివాళ్ళు ఈ కౌంటీలో ఎవరున్నారు?"

ఆ మాట తర్వాత నిజం చెప్పడం డెలిన్‌కు కష్టమైంది. ఆమె టూత్‌బ్రష్‌ను ఏప్రన్ జేబులోకి జారవిడిచింది.

"నిన్న సాయంత్రం దాన్ని చేత్తో పట్టుకున్నది వర్జిల్ ఒక్కడే," అన్నాడు గ్రేషియన్.

"వర్జిల్ అలాంటివాడు కాదు."

"మరి గద్ద తనంతట తానే ఎగిరిపోయిందా?"

షెరీఫ్ ఆఫీసుకు ఫోన్ వెళ్ళింది. పది నిమిషాల్లో పోలీసు డెప్యూటీ లురీన్ వచ్చింది. చిన్నప్పుడు అతని బస్సులోనే బడికి వెళ్ళిన పిల్ల. ఆమె పుస్తకం తెరిచేసరికి వాకిట్లో వర్జిల్ కారు హారన్ మోగింది. గ్రేషియన్ అతన్ని లోపలికి పిలిచాడు.

"వర్జిల్, ఒక్క మాట అడుగుతాను, దాచకుండా చెప్పు," అన్నాడు గ్రేషియన్. "మా ఇంట్లోంచి ఏమైనా తీశావా?"

వర్జిల్ డెప్యూటీ యూనిఫాం చూశాడు. ఆమె నడుముకున్న తుపాకీ చూశాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"తీశాను. మూడు వారాలుగా నాకు మనశ్శాంతి లేదు."

"మూడు వారాలేంటి? నిన్ననే కదా."

"నిన్న కూడా తీశాను."

లురీన్ రాసుకుంటోంది. "అది ఇప్పుడెక్కడుంది సర్?"

"సగమే మిగిలింది."

"వెండి డాలర్‌ను సగం ఎలా చేశావురా?" అన్నాడు గ్రేషియన్.

"డాలరేంటి? నేను చెప్పేది గరాజ్‌లో నువ్వు ఉప్పు పట్టించి వేలాడదీసిన మాంసం సాసేజ్ సంగతి. డాక్టర్ ఉప్పు మానెయ్యమన్నాడు. మా ఇంట్లో అన్నీ చప్పిడి కూరలే. నేనూ మనిషినే కదా."

లురీన్ పెన్ను ఆగింది. "మిస్టర్ ఎచార్ట్, సాసేజ్ గురించి కూడా ఫిర్యాదు రాయమంటారా?"

వర్జిల్ టోపీ అంచు నలుపుతున్నాడు. ముప్పై ఏళ్ళ పొరుగువాడు. డెలిన్ ఇక చూడలేకపోయింది. జేబులోంచి టూత్‌బ్రష్ తీసి బల్ల మీద పెట్టింది.

"అతన్నొదిలెయ్యి. అది నీ డాలరే. తోమింది నేను."

గ్రేషియన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "దేనితో?"

"వంటసోడాతో."

"నలభై ఏళ్ళు చెప్పాను."

"ఏం చూడాలో చెప్పావు. ఏం చెయ్యకూడదో చెప్పలేదు."

అయినా ముగ్గురూ వర్జిల్ కారులోనే కార్సన్ సిటీకి వెళ్ళారు. డాలర్‌ను కొంటానని ఫోన్‌లో మాటిచ్చిన రీనో ఊరి నాణేల వ్యాపారి ఒపల్ క్రేన్‌కు కనీసం ముఖాముఖి క్షమాపణ చెప్పాలని గ్రేషియన్ పట్టుదల. ఆమె డాలర్‌ను దీపం కిందకు జరిపి భూతద్దంలో చూసింది. తిప్పి, మళ్ళీ చూసింది.

"దీన్ని ఎవరు తోమారు?"

డెలిన్ బడిపిల్లలా చెయ్యెత్తింది.

"ఈవిడకి దండం పెట్టుకోండి," అంది ఒపల్ గ్రేషియన్‌తో. "ఇక్కడ ఒక్క ‘సి’ మాత్రమే ఉంది. రెండోది ఊడిపోయింది. టంకశాలలో అచ్చుపడ్డ అక్షరం బ్రష్షుకి ఊడదండీ. ఎవరో ఫిలడెల్ఫియాలో అచ్చయిన, ఏ అక్షరమూ లేని మామూలు డాలర్ మీద వీటిని అతికించారు. నల్లగా ఉండగా తెచ్చుంటే నేనూ మోసపోయి కొనేసేదాన్ని. నెల తిరక్కుండా మీ ఇంటికి నా లాయర్ వచ్చేవాడు."

"ఇప్పుడెంత చేస్తుంది?"

"వెండి బరువుకి ఎంతొస్తే అంత. తోమినా, తోమకపోయినా."

గ్రేషియన్ భార్య వైపు తిరిగాడు. ఉదయం అన్న మాట ఎలా వెనక్కి తీసుకోవాలో అతనికి తెలియలేదు. చివరికి ఆమె చేతిసంచి తీసుకుని తను మోశాడు. డెలిన్ మోయనిచ్చింది. కారు దగ్గర వర్జిల్ గొంతు సవరించుకుని, తమ బావిలో నీళ్ళు దండిగా ఉన్నాయని, కంచె మీదుగా పైపు వేసుకోమని అన్నాడు. మిగిలిన సాసేజ్ గురించి ఎవరూ అడగలేదు.

డాలర్‌ను గ్రేషియన్ అమ్మలేదు. అతని తాత దాన్ని గొర్రెల శిబిరంలో పేకాటలో గెలుచుకున్నాడు. ఓడినవాడు అంతగా నవ్వుకుంటూ ఎందుకు లేచి వెళ్ళాడో ఆయనకు చచ్చేదాకా అర్థం కాలేదు.