పేటకొక దొంగ కావలెను

నేరాల మంత్రిగారు, అంటే నేరాలను అరికట్టే శాఖ చూసే మంత్రిగారు, ఒకే ఉపన్యాసంలో రెండు వరాలిచ్చారు. ఇకమీదట చిల్లర దొంగతనానికైనా సరే ఏడేళ్ల జైలు. నేరాలున్న పేటల్లో మాత్రం కేంద్రమే నేరుగా పెట్టుబడి పెట్టి ఆస్పత్రి, వ్యాయామశాల, గ్రంథాలయం కట్టిస్తుంది. "ఒక చేత బెత్తం, ఒక చేత బెల్లం" అంటూ రెండు చేతులూ పైకెత్తి చూపించారు. రెండూ ఖాళీగానే ఉన్నాయి గానీ, దూరంగా కూర్చున్నవాళ్లకు ఆ సంగతి తెలిసే అవకాశం లేదు.

పేటలో ఉన్న ఒకే ఒక్క సెలూన్ యజమాని, సగం గీసిన గడ్డాన్ని కుర్చీలోనే వదిలేసి, టీవీ గొంతు పెంచి ఈ ఉపన్యాసం విన్నాడు. ఆస్పత్రి అన్న మాట దగ్గర అతని చెవి ఆగిపోయింది. కిందటి వానాకాలం అత్తగారికి ఊపిరాడకపోతే, సెలూన్ కుర్చీ ఊడబీకి తోపుడుబండి మీద పెట్టి, అందులో ఆవిడను కూర్చోబెట్టి, తనూ బావమరిదీ ఊరవతల ఆస్పత్రి దాకా తోసుకెళ్లారు. ఆవిడ బతికింది. దారిపొడుగునా జనం తప్పుకుని దారిచ్చారని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది. ఇంకోసారి ఆ గొప్ప ఆవిడకు దక్కనివ్వకూడదని అల్లుడి పట్టుదల.

నిధుల ఆఫీసుకు వెళ్లొచ్చిన వార్డు సభ్యుడు మొహం వేలాడేసుకుని సెలూన్‌కొచ్చాడు.

"మన పేటకు రాదటయ్యా. నేరాలు లేవట."

"లేకపోతే మంచిదే కదండీ."

"మంచివాళ్లకు ఆస్పత్రెందుకని అడిగాడు ఆఫీసరు. పక్క పేటవాళ్లను చూడు, ఎంత కష్టపడి పైకొచ్చారో. రెండు దోపిడీలు, ఒక తలకాయ పగలడం. ఈతకొలను శాంక్షనైపోయింది."

తన పేట ఎంత వెనకబడిందో సెలూన్ యజమానికి అప్పుడు తెలిసొచ్చింది.

సభ్యుడు దూరదృష్టి గలవాడు. అద్దంలోంచి ఇతని వంక చూస్తూ అన్నాడు: "ఒక్క దొంగతనం చాలు. మీ బావమరిదికి సైకిలుంది కదా. నువ్వు తియ్యి, అతను కంప్లైంటిస్తాడు. శాంక్షన్ రాగానే రాజీ. ఇంట్లోవాళ్ల వ్యవహారం, గుట్టుగా పోతుంది."

"నేనే ఎందుకండీ? మీరు తీస్తే పోలా?"

"నాకు ఇమేజ్ ఉందయ్యా."

విషయం విన్న బావమరిది, మంచి మనిషి, అడ్డు చెప్పలేదు. "తాళం వేసి ఉంచనా బావా, తీసి ఉంచనా?"

"తీసే ఉంచరా. పగలగొడితే మళ్లీ నువ్వే కొనుక్కోవాలి."

"టైరులో గాలి లేదు మరి."

"తోసుకెళ్తాలే."

మర్నాడు పట్టపగలు, పేటంతా గుమ్మాల్లో నిలబడి చూస్తుండగా దొంగతనం జరిగింది. ముందు గుంటుంది, చూసుకుని వెళ్లమని ఒకరిద్దరు దొంగను హెచ్చరించారు. అతను తిన్నగా పోలీస్ స్టేషనుకెళ్లి, సైకిలుకు స్టాండు వేసి, దొరికిపోయాడు. ఇన్‌స్పెక్టర్ కళ్లు చెమర్చాయి. ఎన్నాళ్లుగానో ఆ లాకప్‌లో కానిస్టేబుళ్లు తడిగొడుగులు ఆరేసుకుంటున్నారు.

ఆస్పత్రి శాంక్షనైంది. బావమరిది సంబరంగా రాజీకి వెళ్లాడు.

"కొత్త చట్టంలో రాజీ లేదు, బెయిలూ లేదు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "కఠినమని టీవీలో చెప్పారు కదా, వినలేదా?"

"విన్నామండీ. దొంగల గురించనుకున్నాం."

సాయంత్రం భార్య క్యారేజీ పట్టుకొచ్చింది. చువ్వల్లోంచి గిన్నె అందిస్తూ, "మా అమ్మ కోసం చేశావు, కాదనను. కానీ ఆస్పత్రి కావాలా, మొగుడు కావాలా అని నన్ను ఒక్కరూ అడగలేదు" అంది. అతను ఆవిడ వెళ్లాక కూడా చాలాసేపు ఖాళీ గిన్నె మూతను తిప్పుతూ కూర్చున్నాడు.

శంకుస్థాపనకు మంత్రిగారు దయచేశారు. దయచేశాక స్టేషన్లో అద్దం చూసుకుంటే గడ్డం మాసి ఉంది. బయట కెమెరాలు. పేటలో సెలూన్ మూత. ఇన్‌స్పెక్టర్ బుర్ర గలవాడు కాబట్టి, ముద్దాయి నడుముకు తాడు కట్టి, కొస కానిస్టేబుల్‌కిచ్చి, కత్తి ముద్దాయి చేతికిచ్చాడు.

మంత్రిగారు మెడ వెనక్కి వాల్చి, "ఏం చేసి లోపలికెళ్లావోయ్?" అన్నారు.

"సైకిలు దొంగతనమండీ."

"ఎవరిది?"

"మా బావమరిదిదండీ."

"సొంత బావమరిదినే దోచావన్నమాట. నీలాంటివాళ్లకు ఏడేళ్లు ఏమూలకి? పదేళ్లు చెయ్యాలి."

"కత్తి గొంతు మీదుందండీ. కదలకండి."

మంత్రిగారు కదల్లేదు. కత్తి చెంపల మీదికి చేరాక మాత్రం, "ఏడేళ్లు చాల్లే" అన్నారు.

నున్నటి గడ్డంతో ఆయన చేసిన ప్రసంగం మైకులోంచి లాకప్ దాకా వినబడింది. ఉన్న ఒక్క నేరస్థుణ్ణీ కటకటాల వెనక్కి నెట్టామనీ, ఈ క్షణం నుంచీ ఈ పేట నేరరహితమని ప్రకటిస్తున్నామనీ అన్నారు. చప్పట్లు ఆగకముందే బావమరిది రొప్పుతూ స్టేషన్లో పడ్డాడు.

"సార్, ఆస్పత్రికని దింపిన ఇటుకలూ సిమెంటూ మళ్లీ లారీలోకి ఎక్కించేస్తున్నారు. శంకుస్థాపన రాయి కూడా పీకారు. అదేమంటే, సాయంత్రం ఇంకో పేటలో ప్రోగ్రాముందట. లారీ మంత్రిగారి అల్లుడిదట."

"అయితే?"

"దొంగతనమే కదండీ."

"ఈ పేటలో నేరాల్లేవని మంత్రిగారు ఇప్పుడే ప్రకటించారు. విన్నావా?"

"విన్నానండీ."

"విని కూడా ఉందంటున్నావు. తప్పుడు కంప్లైంటుకు కొత్త చట్టంలో ఎన్నేళ్లో తెలుసా?"

అతనికి తెలియదు. తెలియజేశారు.

సెలూన్ యజమాని బల్ల మీద జరిగి బావమరిదికి చోటిచ్చాడు. ఇంతలో వార్డు సభ్యుడు, మెడలో దండ కూడా తియ్యకుండా వచ్చి, చువ్వల్లోంచి ఇద్దర్నీ లెక్కపెట్టుకున్నాడు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, తప్పుడు కంప్లైంటు కూడా నేరం కిందకే వస్తుంది కదా?"

"వస్తుంది."

"మరింకేం, వ్యాయామశాల వచ్చినట్టే. ఇంకొక్కరుంటే గ్రంథాలయానిక్కూడా అడిగేస్తాను."

"మూడో మనిషికి చోటుందండీ" అన్నాడు సెలూన్ యజమాని, బల్ల మీద ఇంకాస్త జరుగుతూ. "లోపలికి రండి."

సభ్యుడికి బయటెవరో పిలిచినట్టు వినబడింది.