నల్లబడిన దానిమ్మ టీ

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం చిన్నదే. తొమ్మిదికల్లా తను పనిచేసే టీ కంపెనీ ల్యాబుకి చేరాలి. ఆరు నెలలు కష్టపడి కుదిర్చిన దానిమ్మ టీని మేనేజరుకి రుచి చూపించి ఔననిపించుకోవాలి. మామగారికీ ఒక గాజు గ్లాసులో పోసి కిటికీలో పెట్టింది.

మామగారు గడియారాలు బాగుచేసి చేసి మానుకున్న మనిషి. గ్లాసులోంచి దూరిన ఎండ గోడ మీద ఎర్రటి మడుగులా ఊగుతుంటే, సగం మూసిన కళ్లతో దాన్నే చూస్తూ కూర్చున్నారు. గుమ్మంలో కోడలు ఫోన్లో తోటి ఉద్యోగినికి చెబుతున్న మాటలు ఆవిరిలా వచ్చి చెవికి తగిలాయి.

"పండ్లలో సి విటమిన్ ఉంటుందిగా, ఇనుము బాగా ఒంటబడుతుంది. కానీ..."

ఆ 'కానీ' వచ్చేసరికి ఆయన మడుగులో ఎక్కడో ఈదుతున్నారు.

రక్తం తక్కువని డాక్టరు రాసిన ఇనుము టానిక్ అంటే ఆయనకి హడల్. తుప్పు పట్టిన స్ప్రింగు నాకినట్టుంటుంది. పండ్ల టీలో కలిపేస్తే ఇంక దిగులెందుకు? గడియారానికి నూనె వేసినంత ఒద్దికగా మూతెడు టానిక్ టీలో ఒంపారు. ఎరుపులోకి నల్లటి పొగ మెలికలు తిరుగుతూ దిగింది. మబ్బు కమ్మింది. గోడ మీది మడుగు ఆరిపోయింది. తాగడం మరిచిపోయి చూస్తూ ఉండిపోయారు.

అటుగా వచ్చిన అత్తగారు అదిరిపడింది. "ఏమండీ! ఇది టీయా, సిరాయా?"

"కోడలు పోసిందే."

అబద్ధం కాదు. సగం నిజం.

ల్యాబులో కోడలి ఫోను మూగబోయి ఉంది. అత్తగారు కంపెనీకే ఫోన్ చేసి, "మీ దానిమ్మ టీ మా కోడలు తెచ్చిస్తే మా ఆయన గ్లాసులో నల్లబడిపోయిందండీ!" అంది. ఫోనెత్తిన గుమాస్తా పక్క గదిలో చెప్పేసరికి తాగిన మనిషే నల్లబడిపోయాడు. మేనేజరు దాకా వెళ్లేసరికి పోయాడు. ప్యాకింగు యంత్రాలు ఆగాయి. బస్తాలు ఆరుబయటికి వచ్చాయి.

"మీ మామగారు పోయారటమ్మా!" అన్నాడు మేనేజరు ల్యాబులోకి దూసుకొచ్చి.

మేనేజరే కోడలిని కారులో ఇంటికి తీసుకొచ్చాడు. మామగారు కిటికీ దగ్గరే ఉన్నారు.

"పోయారన్నారే!" అంది ఏడుస్తూ.

"ఎక్కడికి?" అన్నారాయన.

గ్లాసూ, టానిక్ సీసా చూశాక ఆమెకి ఏడుపు ఆగి కోపం వచ్చింది. "టీకి వగరునిచ్చే పాలీఫెనాల్స్ ఇనుముని పట్టుకుని ఇలా నల్లగా కట్టేస్తాయి మామయ్యగారూ! ఇంక ఒంటబట్టదు. 'కానీ' తర్వాత చెప్పింది అదే!"

"మరి సి విటమిన్?"

"కొంత సాయపడుతుంది. ఇంత చిక్కటి టీకి చాలదు. మందుకీ టీకీ గంటైనా ఎడం ఉండాలి."

మేనేజరు గ్లాసుని వెలుతురుకి పట్టుకున్నాడు. "ఎంత నలుపైతే అంత పాలీఫెనాల్స్ ఉన్నట్టా?"

"సుమారుగా అంతే సార్. ఒంటికి మేలుచేసే యాంటీఆక్సిడెంట్లు అవే."

"మీ యాంటీఆక్సిడెంట్ల కాగితాలు ఆరు నెలలుగా చూస్తున్నా, ఒక్క ముక్క ఎక్కలేదు. ఇది ఎక్కింది." టానిక్ లేని గ్లాసు ఒకటి పోయించుకుని, ఇంకొకటి అడిగి, అక్కడే సరే అనేశాడు.

నెల తిరక్కుండా మొదటి డబ్బా ఇంటికి వచ్చింది. మామగారు భూతద్దం పెట్టి వెనకవైపు చదివారు: 'ఇనుము మందుతో కలిపి తాగరాదు.'

"పాపం, ఇలా కలుపుకునే అమాయకులు కూడా ఉంటారన్నమాట," అన్నారు.