నాలుగు వేల పొయ్యిలు, ఒక కుర్చీ

“ఏమండీ, నా ఫోన్‌లో ఫోటోలన్నీ ఇప్పుడు అమ్మాయికి కూడా కనిపిస్తాయా?”

సోమవారం పొద్దున మా ఆయన చొక్కాకి గుండీ కుడుతూ ఈ మాట అడిగాను. అప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. జరగకముందే భయపడటం నా పద్ధతి. జరిగాక భయపడి ఏం లాభం?

మా ఆయన బస్సు డిపోలో టైంకీపరు. ఆ రోజు సాయంత్రం డ్యూటీ కాబట్టి తీరిగ్గా కూర్చున్నారు.

“కనిపించక? నిన్న అమ్మాయి చెప్పింది కదా. నీ ఫోను, నా ఫోను, దాని ఫోను, మూడింటి ఫోటోలూ ఒకే క్లౌడ్‌లో వేసింది. ఎవరు తీసినా ముగ్గురూ చూసుకోవచ్చు.”

సూది వేలికి దిగింది.

క్లౌడ్ అంటే ఎక్కడో ఉన్న పెద్ద గోదాం లాంటిదట. నా ఫోన్ నిండిపోయి ఫోన్‌కాల్‌కే ఆయాసపడుతోందని అమ్మాయి ఆ పని చేసింది. “ఇందులో ఏం నింపావమ్మా?” అని అడిగితే పాటలన్నాను. తెరిచి చూడబోతే పాలు పొంగుతున్నాయని అరిచాను. అది వంటింట్లోకి పరుగెత్తింది. పొయ్యి మీద పాలే లేవు.

నా ఫోన్‌లో ఉన్నవి పాటలు కావు. సాక్ష్యాలు.

ఇంట్లోంచి కదిలేటప్పుడు నేను ఫోటోలు తీస్తాను. గ్యాస్ పొయ్యి మీటలు కట్టేసినట్టు ఒకటి, ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేసినట్టు ఒకటి, కుళాయి ఒకటి, వీధి తలుపు తాళం ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి. బస్సెక్కాక “పొయ్యి కట్టానా?” అని గుండె కొట్టుకుంటే తీసి చూసుకోవాలి కదా! ఇందుకు మా ఆయన నాకు “పంచనామా” అని పేరు పెట్టారు. “పంచనామా అయితే బయల్దేరదామా?” అంటారు చెప్పులేసుకుని.

అది ఆయనకి నవ్వులాట. నాకు మాత్రం అది ఒక కుర్చీకే ఎసరు పెట్టింది.

మా అమ్మాయికి ఎనిమిదో నెల. కాన్పు గదిలోకి ఒక్క మనిషినే రానిస్తానంది డాక్టరమ్మ. మంచం పక్కన ఉండేది ఒక్కటే కుర్చీ. గాభరా మనుషులు వద్దని కూడా అంది. అల్లుడు రక్తం మాటెత్తితేనే కళ్ళు తిరిగి పడిపోతాడు. ఇక మిగిలింది నేనూ, మా వియ్యపురాలూ. ఆవిడ నర్సుగా చేసి రిటైరయింది. ఇల్లు అంటుకుంటే ముందు చేతిలో టీ పూర్తి చేసి, కప్పు కడిగి, అప్పుడు నీళ్ళబకెట్టు అందుకునే మనిషి. ఆవిడకి నేను మనసులో పెట్టుకున్న పేరు నిదానమ్మ.

“ఆ పొయ్యి ఫోటోలు మానేస్తే కుర్చీ నీది. లేదంటే మా అత్తయ్యది. నీ భయం నాకంటుకుంటుందమ్మా,” అంది అమ్మాయి.

మానేస్తానని మాటిచ్చి రెండు నెలలయింది. ఆ మాట ఇవ్వడానికి వాళ్ళింటికి వెళ్ళిన రోజు కూడా తాళం రెండు వైపులా తీశాను.

“ఏమండీ, అది చూసేలోపు అన్నీ తీసెయ్యాలి!”

“ఒక్కోటీ తీస్తూ కూర్చుంటే అమ్మాయి కడుపులో బిడ్డ కాలేజీకి వెళ్తుంది. అందులో ఏఐ ఉందిగా, దాన్నడుగు.”

ఆ ఏఐ అడిగినవి వెతికి పెట్టే గుమాస్తా. గీత గీసిన చోట మనకి కావలసింది రాయాలి. కొత్త మనిషి కదా, మర్యాదగా రాశాను: “బాబూ, పొయ్యి ఫోటోలు ఎన్ని ఉన్నాయి?”

“4,923” అంది.

మా ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. “ఐదు వేల పొయ్యిలా! హోటలు వాడికి కూడా ఉండవే!”

“ఆరేళ్ళవండీ. రోజుకి రెండుసార్లు బయటికి వెళ్ళనా?” అన్నానే గానీ, అంత ఉంటాయని నేనూ అనుకోలేదు. లెక్కేస్తే నాలుగు వేల పైచిలుకు నావే. మిగతావి ఎక్కణ్ణుంచి వచ్చాయో నాకే అంతు పట్టలేదు.

ఇంతలో గుమాస్తా మా పొయ్యి ఫోటో ఒకటి చూపించి ఇంకో ముక్క రాసింది. “ఇది మీకు చాలా ఇష్టమైనదిలా ఉంది. దీనికి పేరు పెడతారా?”

“పెట్టు, పెట్టు. పెద్ద కూతురని పెట్టు,” అన్నారాయన.

ఆయనతో వాదించే తీరిక లేదు. ఆ కుర్చీ నాది కావాలంటే పొయ్యిలు పోవాలి. అయినా పొయ్యి పక్కన ఎవరైనా నిలబడి ఉంటే వాళ్ళూ పోతారేమో అని అనుమానం వచ్చి, “మనుషులున్నవి ముట్టుకోకు బాబూ, ఉత్త పొయ్యిలే తీసెయ్యి,” అని రాశాను. చూశారా ఎంత జాగ్రత్తో! తాళాలూ, కుళాయిలూ, ప్లగ్గులూ కూడా చెప్పాను. ఒక్క నొక్కు నొక్కితే ఆరేళ్ళ సాక్ష్యం తుడిచిపెట్టుకుపోయింది.

ఇల్లంతా ఖాళీ అయినట్టు అనిపించింది. ధైర్యంగా కూరగాయల కొట్టుకి వెళ్ళాను, ఒక్క ఫోటో తీయకుండా. వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, పొయ్యి చూసుకుని, మళ్ళీ వెళ్ళాను. మూడుసార్లు.

పదకొండు గంటలకి అమ్మాయి నుంచి మెసేజ్. అది కళ్ళద్దాల ల్యాబులో పని చేస్తుంది. పనిలో ఉండగా ఫోన్ పట్టుకునే పిల్ల కాదు.

“అమ్మా, ఫోటోల్లో ఏమైనా నొక్కావా? పాప స్కానింగ్ ఫోటో కనిపించడం లేదు.”

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

“ఏమండీ, పాప పోయింది!”

ఆయన గడ్డం గీసుకుంటున్నవారు సగం నురగతో పరుగెత్తుకొచ్చారు. విషయం విన్నాక బ్లేడు పక్కన పెట్టి కూర్చున్నారు. “ముందు స్కానింగ్ ఫోటో అను తల్లీ. నా గుండె బస్సు కాదు, ఆగితే వెనక నుంచి తోయడానికి.”

తీసేసినవి నెల రోజులు చెత్తబుట్టలో ఉంటాయట. వెతికితే దొరికింది. ఎక్కడంటారా? రెండు పొయ్యిల మధ్య. నల్లటి గుండ్రం, చుట్టూ బూడిదరంగు. గుమాస్తా దాన్ని పొయ్యి అనుకుంది. పాపం దాన్ననడానికి లేదు. మొదటిసారి చూపించినప్పుడు నాకు మాత్రం ఏం తెలిసింది? తెలిసినట్టు ఏడ్చాను, అంతే.

ఆ ఒక్కదాన్నీ బయటికి తీద్దామని వేలు పెట్టాను. వేలు వణికింది. “అన్నీ తిరిగి పెట్టు” అన్న దాని మీద పడింది.

పొయ్యిలన్నీ తిరిగొచ్చేశాయి. తాళాలతో సహా.

అంతటితో ఆగినా బాగుండేది. “మీ జ్ఞాపకాలతో ఒక వీడియో చేశాను. కుటుంబానికి పంపనా?” అంది గుమాస్తా. కింద అవును, కాదు. కాదంటే మళ్ళీ పాప పోతుందేమో! అవును నొక్కాను.

వియ్యాలవారు కూడా ఉన్న మా కుటుంబం గ్రూపుని అమ్మాయి దానికే కలిపిందని నాకేం తెలుసు?

వీడియో పేరు “మరపురాని మధుర క్షణాలు”. వెనక వయొలిన్ ఏడుస్తోంది. మా పొయ్యి మీట మెల్లగా దగ్గరికి వస్తుంది, మెల్లగా దూరమవుతుంది. తర్వాత తాళం, ఎడమ నుంచి. తర్వాత తాళం, కుడి నుంచి. కుళాయి. ప్రతి దాని కిందా తేదీ. నేను మాటిచ్చిన తేదీ తర్వాతవే యాభై ఉన్నాయి.

అల్లుడు ఒక గుండె బొమ్మ పెట్టాడు. నిదానమ్మ మాత్రం ఓపిగ్గా రాసింది: “వదినగారూ, పూర్తిగా చూశాను. పొయ్యి చాలా శుభ్రంగా ఉంచుతారు.”

అమ్మాయి చూసినట్టు ఫోన్‌లో నీలం టిక్కులు పడ్డాయి. మాట లేదు. పది నిమిషాలు. అరగంట. గంట.

“కుర్చీ నిదానమ్మకి వెళ్ళిపోయిందండీ,” అన్నాను గోడకి జారబడి.

“ఉండు, క్లైమాక్స్ చూడనీ,” అన్నారాయన. ఆయన చూడటం అది మూడోసారి.

కళ్ళు తుడుచుకుని నేనూ తొంగి చూశాను. చూసి, ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కున్నాను.

“ఇది మన పొయ్యి కాదు.”

“పొయ్యి పొయ్యే కదా!”

“నాలుగు వేల సార్లు చూసిన నా పొయ్యి నాకు తెలియదా? మనది స్టీలుది. ఇది గాజుది. మీట పక్కన ఈ బొటనవేలు చూడండి.”

గోరు మీద నీలం మరక. కళ్ళద్దాల మీద గుర్తులు పెట్టే ఇంకు. అది ఎంత రుద్దినా పోదని మా అమ్మాయి ఎప్పుడూ గొణుగుతూ ఉంటుంది.

గుమాస్తాకి రాశాను, ఈసారి వేలు వణకలేదు. “బాబూ, గాజు పొయ్యివి మాత్రం చూపించు.”

ఆరు వందల పదకొండు. పెళ్ళై కొత్త ఇంట్లో దిగిన వారం నుంచీ ఉన్నాయి. కడుపుతో ఉన్నప్పటి నుంచి రోజుకి రెండేసి. ఆఖరుది ఈ రోజు పొద్దున ఎనిమిదిన్నరకి. పదకొండింటికి, పనిలో ఉండగా, ఆ పిల్ల ఫోటోలు ఎందుకు తెరిచిందో అప్పుడు అర్థమైంది. చూసుకుందామంటే పొయ్యి లేదు. అందుకని వెతికింది. వెతికితే పాప కూడా లేదు.

మా ఆయన నా మొహం చూశారు. “ఇదే అదను. గ్రూపులో పెట్టెయ్.”

“నోరు మూసుకోండి,” అన్నాను. పెళ్ళైన ముప్పై ఏళ్ళలో ఆయన్ని అంత మాట అనడం అదే మొదలు. గ్రూపులో పెట్టడానికి అది సాక్ష్యం కాదు, నా కూతురు.

ఫోన్ చేశాను. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. ఆ రోజు తీసేదాకా చేసేదాన్నే. నాలుగోసారి తీసింది.

“అమ్మా, నేను మాట తప్పాను,” అన్నాను. “మానలేదు. మానలేను కూడా. కుర్చీలో అత్తయ్యగారిని కూర్చోబెట్టుకో. నేను వరండాలో నిలబడతాను. నువ్వు మాత్రం ఒక్కదానివే భయపడుతూ ఉండకు. ఆ గాజు పొయ్యి సంగతి ఎవరికీ చెప్పను.”

అవతల లెన్సులు గీసే యంత్రం చప్పుడు వినిపిస్తోంది. మా ఆయన నురగ ఆరిపోయిన చెంపతో నా పక్కనే నిలబడ్డారు. ఫోన్ పోయిందేమో అని చెవి నుంచి తీసి చూశాను. పోలేదు. అంకెలు నడుస్తూనే ఉన్నాయి.

అప్పుడు పలికింది అమ్మాయి, ముక్కు ఎగపీలుస్తూ.

“అమ్మా... హాస్పిటల్‌కి వచ్చేటప్పుడు మా ఇంటి మీదుగా రా. మా పొయ్యి కూడా ఒకసారి చూసి, ఫోటో తీసుకుని రా. కుర్చీలో కూర్చున్నాక ఇద్దరం చూసుకుందాం.”