వంటింటికి తలుపు లేని ఇల్లు

"ఇవాళ ఏ తప్పు చేయబోతున్నారు?" అని అడిగింది భార్య, చొక్కా ఇస్త్రీ చేస్తూ.

"చిన్నదే. వంటింటికి తలుపు పెట్టను," అన్నారు మాస్టారు.

"పెట్టకండి. ఆ ఇల్లాలెవరో సుఖపడుతుంది."

మాస్టారు కాలేజీలో ఇంటి ప్లాన్లు గీయడం నేర్పుతారు. ఇరవై ఆరేళ్లు ఒక్క తప్పు లేకుండా నేర్పారు, పిల్లలూ అంతే నిష్ఠగా నిద్రపోయారు. చివరికి విసుగెత్తి కిందటేడు కొత్త పద్ధతి పెట్టారు. రోజుకో తప్పు కావాలనే గీస్తారు. దాన్ని పట్టుకుని ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టినవాళ్లకు ఒక మార్కు. దాంతో క్లాసు లేచి కూర్చుంది. చివరి బెంచీలో తల ఎత్తని కుర్రాడొకడున్నాడు, తోటివాళ్లు వాడికి 'కునుకు' అని పేరు పెట్టారు. వాడు కూడా ఎర్ర పెన్సిలు చెక్కుకుని అందరికంటే ముందే వచ్చి కూర్చుంటున్నాడు.

అక్కడితో ఆగితే బాగానే ఉండేది. పిల్లల ఎర్ర గీతలు క్యాంటీన్ ధరల పట్టిక మీదా, ఆపైన ప్రిన్సిపాల్ సర్క్యులర్ల మీదా పడ్డాయి. ప్రిన్సిపాల్‌కు ఒళ్లు మండింది. "అంతా కంప్యూటర్ మీద గీస్తుంటే ఇంకా ఈ సుద్దముక్కల క్లాసెందుకు?" అంటూ తనిఖీకి బయటి నుంచి ఒక పెద్దాయనను పిలిపించారు. ఆయన బాగుందంటే క్లాసు ఉంటుంది, లేదంటే ఎత్తేస్తారు. మాస్టారికి ఆ క్లాసంటే ప్రాణం. అందుకే పెద్దాయన ముందే తప్పు గీసి, పిల్లలు దాన్ని ఎలా పట్టేస్తారో చూపించాలనుకున్నారు.

పిల్లలకూ మాస్టారంటే ప్రాణమే. చిక్కంతా అక్కడే వచ్చింది. ముందురోజు క్లాస్ లీడరమ్మాయి అందర్నీ కూర్చోబెట్టింది.

"రేపు ఎవరూ నోరు మెదపకండి. బయటివాళ్ల ముందు సార్ తప్పు ఎత్తిచూపిస్తే ఆయన పరువేం కావాలి? మార్కు పోతే పోయింది."

కునుకు ఎర్ర పెన్సిలు మీద ఒట్టేశాడు.

మర్నాడు పెద్దాయన, ప్రిన్సిపాల్ వెనక వరసలో కూర్చున్నారు. మాస్టారు వంటింటికి నాలుగు గోడలూ గీసి, మూసేసి, ఆశగా ఇటు తిరిగారు. "ఎలా ఉంది?"

"బాగుంది సార్!" అంది క్లాసంతా ఒక్క గొంతుతో.

మాస్టారు మూసిన గోడలను సుద్దతో మళ్లీ దిద్దారు. అయినా తప్పు కనబడలేదేమోనని మెట్లు గీశారు. అవి తిన్నగా వెళ్లి గోడలో ఆగిపోయాయి. "ఇప్పుడో?"

"ఇంకా బాగుంది సార్!"

పెద్దాయన పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు.  ఇక లాభం లేదని మాస్టారు బాత్రూమును తెచ్చి వీధిగుమ్మంలో పెట్టారు. చుట్టాలెవరొచ్చినా అందులోంచే లోపలికి రావాలి. లీడరమ్మాయి కళ్లు దించుకుని "అద్భుతం సార్" అంది. కునుకు పెన్సిలు కొరికేస్తున్నాడు.

పెద్దాయన ఉండబట్టలేక లేచారు. "ఏమండీ మాస్టారూ, వంట చేసేవాళ్లు పైకప్పు విప్పుకుని దిగాలా?" విసవిసా వచ్చి సుద్దముక్క లాక్కున్నారు. బాత్రూమును వెనక్కి పంపారు, మెట్లను పక్కకు తిప్పారు, వంటింటికి తలుపు పెట్టారు.

"మూడు మార్కులు," అనేశారు మాస్టారు అలవాటు కొద్దీ.

"ఇల్లంటే ఇదీ!" అన్నారు పెద్దాయన, చేతులు దులుపుకుంటూ. ప్రిన్సిపాల్ తృప్తిగా నవ్వారు.

"తప్పు!"

కునుకు లేచి నిలబడ్డాడు. వాడు ఒట్టేసింది మాస్టారి గురించే కదా. "ఆ తలుపు మెట్లకు తగులుతుంది సార్. సగమే తెరుచుకుంటుంది. చేతిలో గిన్నె ఉంటే మనిషి పట్టడు."

"కిటికీ కూడా లేదు సార్!" "పొగ ఎటు పోతుంది?" నలభై ఎర్ర పెన్సిళ్లు లేచాయి.

పెద్దాయన తలుపు నుంచి మెట్లదాకా వేళ్లతో కొలిచి చూశారు. "తప్పే," అన్నారు. "నువ్వైతే ఎలా గీస్తావో రా, చూపించు."

కునుకు తలుపును అవతలి గోడకు మార్చాడు. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు, పెద్దాయన కూడా. ఏడాది కిందట వాడు హాజరు పలికి మళ్లీ పడుకునేవాడు. అది తలుచుకుని మాస్టారు కళ్లు తుడుచుకున్నారు.

"మీ పరువు కాపాడదామనే సార్," అంది లీడరమ్మాయి తర్వాత.

"కాపాడబోయి ప్రాణం తీశారు కదమ్మా!"

వారానికి పెద్దాయన నివేదిక వచ్చింది. క్లాసును తప్పక కొనసాగించాలని రాశారు. ప్రిన్సిపాల్ దాన్ని నోటీసు బోర్డులో పెట్టించారు. సాయంత్రానికి అందులో నాలుగు చోట్ల ఎర్ర పెన్సిలు పడింది, నాలుగూ సరైనవే.