హద్దుల్లేని ఆఫీసులో ఇరుక్కున్న ఫైలు

"ఈ కార్యాలయానికి హద్దులు లేవు!"

నీటి సరఫరా ఆఫీసు పెద్దసారు ఈ మాట అన్నప్పుడల్లా బల్ల మీద ఒక చరుపు చరుస్తారు. గోడ మీద బోర్డు కూడా అదే మాట చెబుతుంది. అలాంటి ఆఫీసులో, ఏడాది నివేదిక పైవాళ్ళకు అందవలసిన రోజున, ఆ ఫైలు సర్వర్లోకి వెళ్ళనని మొండికేసింది. కొంత దూరం వెళ్ళడం, ఆగిపోవడం, "ఫైలు మరీ పెద్దది" అని తెర మీద చెప్పడం!

కంప్యూటర్లు చూసే ఉద్యోగికి చెమటలు పట్టాయి. ఆ నివేదికతో అతనికి సొంత అవసరం కూడా ఉంది. దాని చివర జనం పెట్టుకున్న ఫిర్యాదులు, ఎండిన కుళాయిల ఫొటోలతో సహా ఉన్నాయి. అందులో అతని భార్య రాసిందీ ఒకటి. వాళ్ళ వీధిలో చుక్క నీరు రాకుండానే ఎండాకాలం వచ్చింది, పోయింది. పైవాళ్ళు ఆ ఫిర్యాదులు చదివితేనే కొత్త గొట్టం. లేదంటే నడుం నొప్పితో ఆవిడ అవతలి వీధి నుంచి బకెట్లు మోయాల్సిందే.

హెడ్ క్లర్కు వచ్చి తీగ పీకి మళ్ళీ గుచ్చాడు. దుమ్ము దులిపాడు. చివరికి గడ్డం గోక్కుని, "ఫైలు పేరు ముందు 'అత్యవసరం' అని చేర్చి చూడవయ్యా, దారిస్తుంది" అన్నాడు.

చేర్చారు. సర్వర్ దారివ్వలేదు. దానికి ఆఫీసు మర్యాదలు తెలియవు మరి!

విషయం పెద్దసారు గదికెక్కింది.

"సర్వర్లో చోటు బోలెడుంది సార్. మన కంప్యూటర్లు దానికి ఫైళ్ళు అందించే పద్ధతే పాతకాలపుది. ఒక్క ఫైలు రెండు జీబీలు దాటితే మోయలేదు. పద్ధతి మార్చి హద్దు పెంచితే చాలు, గంట పని. మీరొక సంతకం పెడితే..." అన్నాడు కంప్యూటర్ల ఉద్యోగి.

"ఏమని?"

"హద్దు పెంచుతున్నామని."

"అంటే హద్దు ఉన్నట్టేగా?"

"ఉంది సార్."

హెడ్ క్లర్కు ఫ్యాను రెక్కలకేసి చూడసాగాడు.

"లేనిదాన్ని ఎలా పెంచమంటావయ్యా?" అన్నారు పెద్దసారు చాలా శాంతంగా.

"పోనీ రెండు ముక్కలు చేసి పంపుదామా సార్?"

"నా ఏడాది సేవ నీకు ముక్కల్లా కనిపిస్తోందా! ఏదో ఒకటి తీసెయ్. ఏమున్నాయి అందులో?"

"మీరు రిబ్బను కత్తిరించిన వీడియో సార్. తర్వాత అదే రిబ్బను పక్కనుంచి. తర్వాత మీ ఉపన్యాసం."

"అవి నివేదికకు ప్రాణం. ఇంకా?"

"ఫిర్యాదులు..."

గదిలో మిగతా అందరి మొహాలూ వెలిగిపోయాయి.

అతను నీళ్ళు నమిలాడు. "సార్, మా వీధిదొక్కటి ఉంచుదామా? మా ఇంటావిడ..."

"ఒక్కటుంటే 'మిగతావి ఏవీ?' అంటారు. అవునూ, నీ ప్రమోషను కాగితం నా దగ్గరే ఉన్నట్టుందే?"

అతను భార్య ఫిర్యాదుతో సహా అన్నిటినీ తన వేలితోనే చెరిపేశాడు. ఫైలు నూనె రాసినట్టు జారిపోయింది.

పైవాళ్ళు మురిసిపోయారు. ఒక్క ఫిర్యాదైనా లేని ఆఫీసు! ఆ తృప్తి చెందిన జనాన్ని వీడియో తీసి పంపమని ఉత్తర్వు వచ్చింది.

"మనవాడింట్లోనే తీద్దాం, గొడవుండదు" అన్నారు పెద్దసారు.

ఆ విధంగా అతని వంటగదిలోకి కెమెరా వచ్చింది. పెద్దసారు కుర్చీలో కూర్చుని చిరునవ్వు సర్దుకున్నారు.

"అమ్మా, గ్లాసుడు నీళ్ళు. మీ కుళాయి నుంచే సుమా!"

అతను కెమెరా వెనక నుంచి భార్యకు కళ్ళతోనే దండాలు పెట్టాడు. ఆవిడ మాట్లాడకుండా గ్లాసు కుళాయి కింద పట్టి మర తిప్పింది. కుళాయి సుయ్‌మని గాలి ఊదింది. ఆ గ్లాసును అలాగే తెచ్చి సారు చేతికిచ్చింది.

పెద్దసారు గ్లాసులోకి చూశారు. కెమెరాలోకి చూశారు. గ్లాసెత్తారు. గొంతు గుటకలు వేసింది. పొడిగా ఉన్న పెదవులు రుమాలుతో అద్దుకున్నారు.

"అమృతం!"

అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది ఆ ఇంటాయనే.

ఆవిడ గ్లాసు అందుకుంది.

"పాపం, ఎండన పడొచ్చారు. ఇంకో గ్లాసు ఇమ్మంటారా సార్?"