అందరినీ అందంగా చూపించిన మానిటర్

ఒక పెద్ద అడవిలో ఒక పెద్ద ఫొటోగ్రాఫరు ఉండేవాడు. అడవి నిజంగా పెద్దదే. ఫొటోగ్రాఫరు పెద్దవాడన్నది నాకు నేను చెప్పుకున్న మాట. ఆ ఫొటోగ్రాఫరు కొండముచ్చును నేనే.

మా అడవిలో రెండు రకాల పండ్లున్నాయి. ఆకారం ఒకటే, వాసనా ఒకటే. ఎర్రది తినొచ్చు. నారింజ రంగుది తింటే పేగులు మెలిపెట్టేస్తాయి. మొన్న వేసవిలో కురంగమ్మ అనే లేడి కూతురు ఆ నారింజ రంగుది తిని, చావు తప్పి బయటపడింది. దాంతో తినదగిన పండును ఫొటో తీసి, పోస్టరు వేసి, చెట్టుచెట్టుకీ అంటించాలని అటవీ మండలి తీర్మానించింది. ఆ పని నాకిచ్చారు.

"పిల్లలు బొమ్మ చూసే తింటారు నాయనా. రంగు మాత్రం తేడా రానివ్వకు," అంది కురంగమ్మ. రంగుల సంగతి నాకొదిలెయ్యమని తోక మెలితిప్పి మరీ చెప్పాను.

రంగు తేడా రాకూడదంటే సరైన మానిటర్ ఉండాలి. దాన్ని ఎంపిక చెయ్యడానికి కమిటీ వేశారు. ఏనుగు ఐరావతయ్య గారు అధ్యక్షులు. నెమలి శిఖామణి, నేను సభ్యులం. రంగుల నిపుణుడిగా ఊసరవెల్లి బహురూపం గారిని పిలిపించారు.

కొట్టు నడిపే గోరింక రెండు మానిటర్లు చూపించింది. మొదటిది ఉన్నది ఉన్నట్టు చూపిస్తుందనీ, రంగులు సరిచూసుకునే పరికరం కూడా దాంతో వస్తుందనీ చెప్పింది. పరీక్షకి మా ఫొటోలే పెట్టించాం. అధ్యక్షుల వారు దుమ్ము కొట్టుకుపోయి కనిపించారు. నెమలి తోకలో వెలిసిపోయిన ఈకలు బయటపడ్డాయి. నా మొహం నల్లగా, అచ్చం నా మొహంలాగే ఉంది.

రెండోది పెట్టగానే కొట్టంతా వెలిగిపోయింది. ఐరావతయ్య గారు పెళ్లికొడుకులా ఉన్నారు. శిఖామణి తన తోక చూసి తనే కన్నీళ్లు పెట్టుకున్నాడు. నేను తెల్లగా ఉన్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను తెల్లగా ఉండటం అదే మొదలు.

"ఫొటో పనికి అది వద్దండీ. వెలుగూ ఎరుపూ ఎక్కువ చేసి చూపిస్తుంది. సినిమాలు చూసుకోడానికైతే బాగుంటుంది," అంది గోరింక.

బహురూపం గారు దాన్ని వారించి, తెర మీద పండు బొమ్మ పెట్టించి, పక్కనే తన చెయ్యి ఆనించారు. తెర ఎంత ఎరుపో చెయ్యీ అంత ఎరుపు. వెంట్రుకవాసి కూడా తేడా లేదని ప్రకటించారు. మేం చప్పట్లు కొట్టాం. ఆయన చెయ్యి ఏ తెర పక్కన పెట్టినా అంతేనని ఎవరికీ తట్టలేదు. నాకు తట్టబోయింది గానీ, అప్పటికి నేను తెల్లగా ఉన్నాను కదా.

ఫొటో తీసి ఆ తెర మీద చూస్తే పండు మరీ రక్తం ఓడుతున్నట్టుంది. కంటికి నచ్చేదాకా ఎరుపు తగ్గించాను. అచ్చయి వచ్చిన పోస్టరులో చక్కటి నారింజ రంగు పండు ఉంది.

అధ్యక్షుల వారికి చూపించి, తెర రంగు తప్పు చూపించిందని చెప్పాను. "కమిటీ ఏకగ్రీవంగా కొన్న తెర తప్పు చూపిస్తుందటయ్యా? ముందు నీ కళ్లు చూపించుకో," అన్నారాయన. తప్పు నా కళ్లదేనని ఒప్పేసుకున్నాను. మానిటర్ వెనక్కిస్తే నా తెల్లదనం కూడా వెనక్కిచ్చెయ్యాలి.

పోస్టరు ఆవిష్కరణకు రెండు బుట్టల్లో రెండు రకాల పండ్లూ పెట్టారు. కురంగమ్మ బొమ్మ చూసింది, బుట్టలు చూసింది, కూతుర్ని వెనక్కి లాక్కుంది.

"మొదటి పండు పెద్దలు తినడం మన ఆనవాయితీ. బొమ్మ చూసి మీరే ఏరుకుని తినండి. పిల్లల సంగతి తర్వాత," అంది.

మేం బొమ్మతో పోల్చి పోల్చి, జాగ్రత్తగా ఏరుకుని తిన్నాం. నేను తెలిసే తిన్నాను. తినకపోతే ఎందుకు తినలేదని అడుగుతారు.

సాయంత్రానికి కమిటీ మొత్తం పొదల వెనకే ఉంది. ఐరావతయ్య గారి పొద ఛాయలకి ఎవరూ వెళ్లలేకపోయారు. బహురూపం గారు ఏ పొదలో ఉన్నారో కనిపించలేదు, వినిపించారు. ఆ సమయంలోనే కురంగమ్మ పోస్టరు చింపేసి, పిల్లల్ని చెట్ల దగ్గరికే తీసుకెళ్లి ఏది తినాలో చూపించింది.

కోలుకున్నాక కమిటీ మళ్లీ కూర్చుంది. తెర సరైనదేననీ, పండ్లే పోస్టరులోని రంగు పాటించడం లేదనీ తేల్చి చెట్లకు నోటీసులు పంపింది. నన్ను తీసేస్తారనుకుంటే, కమిటీ సభ్యుల ఫొటోలు తీసే పని అప్పజెప్పారు. అవి ఆ తెర మీద బ్రహ్మాండంగా ఉన్నాయి.

నీతి: మానిటర్ మాత్రం మీ మొహం తెల్లగా చూపించేదే కొనుక్కోండి; పండు పక్కవాడు తిన్నాక తినండి.